తోలు కీచైన్, చేతి కుట్టు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో తోలు పని నేర్పుతుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళతో మొదట చేయించేది కీచైనే. ఒక పట్టీ, ఒక రింగు, ఒక వరస కుట్లు. ఇంత చిన్న వస్తువు మీద ఎన్ని పుకార్లున్నాయో చెప్పలేను. వాటిలో జనం చేత ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టించేది ఒకటుంది.

అపోహ: చేతి కుట్టు నిలవదు, మిషన్ కుట్టే గట్టి.

వాస్తవం: కీచైన్ విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. మిషన్ కుట్టులో పైదారం ఒకటి, కింద నుంచి వచ్చే బాబిన్ దారం ఒకటి. రెండూ తోలు మధ్యలో ఒకదానికొకటి తగులుకుని వెనక్కి తిరుగుతాయి. జేబులో రాసుకుని పైదారం ఒకచోట తెగిందంటే అక్కణ్ణుంచి పక్క కుట్లు కూడా వదులవుతూ పోతాయి. చేత్తో వేసే శాడిల్ స్టిచ్‌లో దారం ఒకటే, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి రంధ్రంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దూరి అవతలికి వెళ్తాయి. ఒకవైపు తెగినా రెండో కొస అవే రంధ్రాల్లో బిగిసి ఉంటుంది. గుర్రాల జీనులు కుట్టేవాళ్ళు తరతరాలుగా నమ్ముకున్న కుట్టు ఇది.

చిత్తూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. అన్న పెళ్ళికి రిటర్న్ గిఫ్టులుగా కీచైన్లు ఇద్దామని, వాళ్ళమ్మ బట్టలు కుట్టే మిషన్ మీద రెండు పొరల మందం తోలు పెట్టి తొక్కింది. సూదులు విరిగాయి, మిషన్ టైమింగ్ పోయింది, రిపేరుకు డబ్బులయ్యాయి. అప్పుడు ఎవరో తోలు కుట్టే పెద్ద మిషన్ కొనుక్కోమన్నారట. "అన్నా, చేత్తో కుడితే ఊడిపోదా? ఇచ్చినాక ఎవురన్నా ఏమన్నా అంటే?" అని ఆ పిల్లకు ఒకటే టెన్షన్. అలా భయపడేవాళ్ళను చూస్తే నాకు జాలే. తెలిసీ తెలియక సలహాలిచ్చి వేలకు వేలు ఖర్చు పెట్టించేవాళ్ళ మీదే కోపం. చేతి కుట్టు కీచైన్ ఒకటి ఆమె చేతికిచ్చి, మధ్యలో ఒక కుట్టు బ్లేడుతో కోసి లాగమన్నాను. రెండు చేతులా లాగింది, పొర విడిపోలేదు. మిషన్ కుట్టున్న పాత బ్యాగు పట్టీ మీదా అదే చేస్తే దారం గోటికి అంది ఊడొచ్చింది. మిషన్ ఆలోచన అక్కడితో పోయింది.

"మరి చెప్పు కుట్టిస్తే నెలకే ఊడింది కదా, అదీ చేతి కుట్టే కదా" అంటారు. ఆ కుట్టు వేరు. చెప్పులు కుట్టే ఆయన కొక్కెం ఉన్న ఆరతో (తోలుకు రంధ్రం చేసే మొనదేలిన పనిముట్టు) అడుగు నుంచి దారాన్ని పైకి లాగి, ఆ ఉచ్చులో రెండో కొస దూరుస్తాడు. అంటే మిషన్ కుట్టులాగే ఇదీ తగులుకునే కుట్టే. పైగా అరిగి చిరిగిన రంధ్రాల పక్కనే, తడిసి నానిన తోలు మీద కుట్టాలి. అది ఆయన పనితనం లోపం కాదు.

చేతి కుట్టు వదులైందంటే కారణాలు వేరే ఉంటాయి. దబ్బనంలాంటి మొనదేలిన సూది వాడితే ముందు దూరిన దారాన్నే పొడిచి చీలుస్తుంది. మొనను ఎమెరీ పేపరు మీద రాసి మొద్దు చేయండి, రంధ్రం చేసే పని ఆరది. మామూలు నూలు దారం చెమటకు కుళ్ళుతుంది; మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.8 మిల్లీమీటర్లది, సరిపోతుంది. ప్రతి రంధ్రంలో ఏ సూది ముందు వెళ్ళాలో ఒకటే వరస పాటించండి, రెండు కొసలూ సమానంగా లాగండి. చివర రెండు కుట్లు వెనక్కి వేసి, మిగిలిన దారం కత్తిరించి, కొసను లైటర్‌తో కొద్దిగా కరిగిస్తే చాలు. బరువంతా పడేది రింగు పక్క కుట్ల మీదే కాబట్టి అక్కడ రెండుసార్లు కుట్టండి.

అపోహ: కుట్లు ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టి.

వాస్తవం: మరీ దగ్గరైతే పోస్టల్ స్టాంపు అంచులా ఆ వరసనే చిరుగుతుంది. అంచుకు 3 మిల్లీమీటర్లు లోపలికి, రంధ్రానికీ రంధ్రానికీ 4 మిల్లీమీటర్ల దూరం చాలు.

అపోహ: మెత్తటి తోలే మంచి తోలు.

వాస్తవం: ఆంబూరు, రాణిపేట వైపు నుంచి కిలోల లెక్కన వచ్చే షూ తోలు ముక్కలు చాలావరకు క్రోమ్ ఉప్పులతో పదును చేసినవి (పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మార్చడమే పదును చేయడం). షూ పైభాగానికి అద్భుతం. కీచైన్‌కు పెడితే సాగుతుంది, అంచు నున్నబడదు. చెట్ల బెరళ్ళతో పదును చేసిన, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి తోలు అడగండి. మన గుట్టల మీద పూసే తంగేడు బెరడూ, కరక్కాయా దక్షిణాదిలో ఆ పదునుకు వాడినవే. రింగు దగ్గర మడతపెట్టే ముందు ఆ చోటు తడిపితే పగుళ్ళు రావు. తడి ఆరాకే గమ్ము రాయండి.

అపోహ: కాల్చి వాసన చూస్తే అసలు తోలో కాదో తెలిసిపోతుంది.

వాస్తవం: తోలు పొడిని జిగురుతో అతికి చేసిన షీటు కూడా వెంట్రుకలు కాలిన వాసనే వేస్తుంది. కోసిన అంచు చూడండి, పోగులు కనిపించాలి. దయచేసి వస్తువులు కాల్చకండి.

కొబ్బరినూనె గురించి కూడా అడుగుతారు. అక్కర్లేదు. ఎక్కువైతే తోలు నల్లబడి మెత్తబడుతుంది, మన ఎండలకు నూనె ముక్కిపోయి వాసనొస్తుంది. వానలో తడిస్తే గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టండి.