వాయిదా పడ్డ సబ్‌స్టేషన్

న్యూయార్క్ నగరంలో, తూర్పు బ్రూక్లిన్‌లో బ్రౌన్స్‌విల్ అనే పేట ఉంది. అక్కడి సబ్‌స్టేషన్ల కింద చుట్టుపక్కల పేటలతోపాటు క్వీన్స్‌లో కొంత భాగం కూడా ఉంది. 2018 వేసవికల్లా వాటి మీద మోయలేనంతగా, 69 మెగావాట్ల అదనపు లోడు పడుతుందని ఆ నగరానికి కరెంటు పంపిణీ చేసే కాన్ ఎడిసన్ కంపెనీ లెక్క వేసింది. మామూలుగా అయితే కొత్త సబ్‌స్టేషన్ కట్టేవారు. దానికి సుమారు 100 కోట్ల డాలర్లు అవుతుంది.

అయితే ఆ 69 మెగావాట్లు ఏడాది పొడవునా ఉండే లోడు కాదు. ఎండలు మండే కొద్ది రోజుల్లోనే, మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా ఉంటుంది. రాత్రి 9-10 గంటల మధ్య తారస్థాయికి చేరుతుంది. జనం ఇళ్లకు చేరి ఏసీలు, టీవీలు, లైట్లు అన్నీ వేసుకునే వేళ అది. సంక్రాంతికి వచ్చే చుట్టాలందరికీ సరిపడా గదులతో ఇల్లు కట్టుకుని, మిగతా ఏడాదంతా తాళం వేసి ఉంచినట్టే కరెంటు లైన్ల లెక్క కూడా. ఆ కొద్ది గంటల కోసమే అంత సామర్థ్యం.

అందుకే 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి వేరే దారికి అనుమతి ఇచ్చింది. సుమారు 20 కోట్ల డాలర్లతో 52 మెగావాట్ల లోడు తగ్గించాలి. అందులో 41 మెగావాట్లు వినియోగదారుల ఇళ్లలో, దుకాణాల్లో, భవనాల్లో. 11 కంపెనీ వైపు నుంచి. మిగిలిన 17 మెగావాట్లు మామూలు పద్ధతుల్లో సర్దుకుంటారు.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నవి బల్బులు. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 51 వాట్లు మిగులుతాయి. రాత్రి తొమ్మిదింటికి వెలుగుతూ ఉండే అలాంటి బల్బులు 20,000 మారిస్తే ఒక మెగావాట్ తగ్గినట్టే. అపార్టుమెంట్ల మెట్ల దగ్గర, వరండాల్లో రాత్రంతా వెలిగే లైట్లయితే ఇంకా మేలు, ఆ గంటలో అవి వెలుగుతూనే ఉంటాయి కాబట్టి. వీటితోపాటు బ్యాటరీలు, ఇంధనం నుంచి అక్కడికక్కడే కరెంటు తయారుచేసే ఫ్యూయల్ సెల్‌లు పెట్టారు. ఓల్టేజిని కాస్త తగ్గించి లోడు దించే పద్ధతీ వాడారు.

మిద్దె మీది సోలార్ పలకలు మాత్రం ఇక్కడ ఒంటరిగా అక్కరకు రావు. రాత్రి తొమ్మిదికి ఎండ ఎక్కడిది? పగటి కరెంటును బ్యాటరీలో దాచి ఆ వేళకు వదిలితేనే సబ్‌స్టేషన్‌కు ఊరట. ఇంకో షరతు కూడా ఉంది. ఆదా ఆ సబ్‌స్టేషన్ పరిధిలోనే జరగాలి. మాన్‌హట్టన్‌లో వెయ్యి బల్బులు మార్చినా బ్రౌన్స్‌విల్ ట్రాన్స్‌ఫార్మర్ వేడి తగ్గదు.

అసలు చిక్కు కంపెనీ ఆదాయం దగ్గర ఉంది. పంపిణీ సంస్థకు పెట్టిన పెట్టుబడి మీద రాబడి వస్తుంది. కాబట్టి సబ్‌స్టేషన్ కడితే లాభం, కట్టకుండా తప్పిస్తే ఏమీ రాదు. నియంత్రణ మండలి ఈ లెక్కనే మార్చింది. లోడు తగ్గించడానికి పెట్టిన ఖర్చును పదేళ్లలో రాబట్టుకుంటూ దాని మీద రాబడి పొందనిచ్చింది, లక్ష్యాలు సాధిస్తే అదనపు ప్రోత్సాహకమూ ఇచ్చింది. ఈ మార్పు లేకపోతే బల్బులు, బ్యాటరీలు కాగితం మీదే ఉండేవని నా నమ్మకం. కొత్త సబ్‌స్టేషన్ వాయిదా పడింది, 2017లో పథకాన్ని పొడిగించారు.

మన దేశంలోనూ 2015 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ఉజాలా కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. కానీ అది దేశమంతటికీ ఉద్దేశించినది, లోడు ఎక్కువైన చోట్లకే కాదు. ఇకమీదట వేసవి రాత్రుల్లో ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి పేటలకు కరెంటు తీసుకెళ్లే లైను) మీద లోడు హద్దు దాటుతోందో చూసి, ముందు ఆ ఫీడర్ కిందున్న ఇళ్లకే మంచి ఫ్యాన్లు, తక్కువ కరెంటు తాగే ఏసీలు, బ్యాటరీలు అందేలా డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు చూడాలి. ఆ ఖర్చును కూడా పెట్టుబడిలాగే లెక్కించే అధికారం మన నియంత్రణ మండళ్ల చేతిలో ఉంది.