మందుల పేటెంట్లు: సంతకం మారకేశ్‌లో, బేరం ఢిల్లీలో

హైదరాబాద్ మందుల పరిశ్రమ గురించి ఎవరు చెప్పినా బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌తోనే మొదలుపెడతారు. సోవియట్ సాయంతో వచ్చిన ఆ ప్లాంటులో పని నేర్చినవాళ్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. కానీ కెమిస్ట్రీ వస్తే చాలదు, చట్టం కూడా దారివ్వాలి.

ఆ దారి 1970 పేటెంట్ల చట్టం. దాని ప్రకారం మందుకు పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికే ఉంది. అదీ దరఖాస్తు నుంచి ఏడేళ్లు లేదా మంజూరు నుంచి ఐదేళ్లు, ఏది ముందైతే అది. అదే మాలిక్యూల్‌ను ఇంకో రూట్‌లో చేసి అమ్ముకుంటే అడిగేవాడు లేడు. జీడిమెట్ల, బొల్లారం యూనిట్లు నిలదొక్కుకున్నది ఈ వెసులుబాటు మీదే. 1965లో పెట్టిన బిల్లు లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 1970లో చట్టం గట్టెక్కేనాటికి కాంగ్రెస్ చీలిపోయి, ఇందిర ప్రభుత్వం సీపీఐ, డీఎంకేల మద్దతుతో నడుస్తోంది. ఇది గుర్తుంచుకోవాలి, ముప్ఫై అయిదేళ్ల తర్వాత మళ్లీ పనికొస్తుంది.

1986లో మొదలైన ఉరుగ్వే రౌండ్ ప్రపంచ వాణిజ్య చర్చల్లో పేటెంట్లను వాణిజ్య ఒప్పందంలోకి తేవద్దని భారత్, బ్రెజిల్ గట్టిగా పట్టుబట్టాయి. అమెరికా పేటెంట్లు సరిగా కాపాడని దేశాల జాబితా తయారుచేసే తన స్పెషల్ 301 చట్టాన్ని చూపించి ఒత్తిడి తెచ్చింది, 1991లో భారత్‌ను ఆ జాబితాలో అన్నిటికన్నా తీవ్రమైన వర్గంలో పెట్టింది. మన విదేశీ మారకం నిల్వలు అడుగంటిన ఏడాది కూడా అదే. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మారకేశ్‌లో ఒప్పందంపై సంతకాలయ్యాయి. మందులకు ఉత్పత్తి పేటెంట్ ఇవ్వడానికి 2005 జనవరి 1 దాకా గడువు దొరికింది. అందుకో షరతు ఉంది: 1995 నుంచే దరఖాస్తులు తీసుకుని, తెరవకుండా పెట్టెలో భద్రపరచాలి.

ఆ పెట్టె దగ్గరే బండి ఆగిపోయింది. 1994 చివర్లో తెచ్చిన ఆర్డినెన్స్ కాలం చెల్లింది. బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లి, 1996లో లోక్‌సభ రద్దుతో పోయింది. అమెరికా ఫిర్యాదు చేస్తే, దరఖాస్తులు తీసుకోమని అధికారులకు చెప్పాం కదా అని ప్రభుత్వం వాదించింది. చట్టంలో లేని ఆదేశానికి భరోసా ఏముందని ప్రపంచ వాణిజ్య సంస్థ 1997లో అమెరికా పక్షానే తీర్పిచ్చింది. చివరికి 1999లో సవరణ చేసింది వాజపేయి ప్రభుత్వం. ప్రతిపక్షంలో ఉండగా అడ్డుపడిన బీజేపీయే, కాంగ్రెస్ మద్దతుతో!

ఈలోగా ఎయిడ్స్ మందుల ధరలపై ఆఫ్రికా దేశాలు, బ్రెజిల్, భారత్ కలిసి పోరాడి 2001 నవంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో దోహా ప్రకటన సాధించాయి. కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ యజమాని ఒప్పుకోకున్నా మందు తయారీకి ఇచ్చే అనుమతి) ఏ కారణాలతో ఇవ్వాలో నిర్ణయించుకునే హక్కు ఆయా దేశాలదేనని అందులో రాయించుకున్నాయి.

ఢిల్లీలో అసలు బేరం జరిగింది 2005లో. ఉత్పత్తి పేటెంట్లు తెచ్చే ఆర్డినెన్స్‌ను చట్టం చేయడానికి యూపీఏకు వామపక్షాల ఓట్లు కావాలి. వాళ్లు ఓట్లు ఊరికే వెయ్యలేదు. పాత మందుకు కొత్త రూపమిస్తే, చికిత్సా ఫలితం పెరిగిందని చూపించకపోతే పేటెంట్ లేదనే సెక్షన్ 3(డి) కట్టుదిట్టమైంది అప్పుడే. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే వీలు నిలబడింది. పెట్టెలోని దరఖాస్తుల మందులను అప్పటికే తయారుచేస్తున్నవాళ్లు రాయల్టీ కట్టి కొనసాగవచ్చన్నారు. కేన్సర్ మందు గ్లీవెక్ కేసులో 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ సుప్రీంకోర్టులో ఓడింది 3(డి) మీదే. ఎదుటి పక్షంలో నాట్కో, హెటిరో ఉన్నాయి, రెండూ హైదరాబాద్‌వే. ఫిలిప్పీన్స్ 2008లో ఇలాంటి నిబంధననే తన చట్టంలో పెట్టుకుంది.

కంపల్సరీ లైసెన్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. సెక్షన్ 84 కింద పేటెంట్ మంజూరై మూడేళ్లు దాటాకే అడగాలి. అంతకుముందు యజమానిని స్వచ్ఛంద లైసెన్స్ కోరాలి, తగినంత కాలం (మామూలుగా ఆరు నెలలకు మించదు) చూడాలి. ఆ తర్వాత మందు సరిపడా అందడంలేదని, ధర అందుబాటులో లేదని, దేశంలో పేటెంట్‌ను ఆచరణలో పెట్టలేదని, వీటిలో ఒక్కటైనా రుజువు చేయాలి. బేయర్ కేన్సర్ మందు నెక్సావర్‌పై నాట్కో ఈ మెట్లన్నీ ఎక్కింది. నెలకు సరిపడా 120 మాత్రలు బేయర్ ధరలో రూ.2,80,428. నాట్కోకు ఖరారైంది రూ.8,880. అసలు పట్టు మాత్రం బేయర్ స్వయంగా దాఖలు చేసిన ఫారం 27లో దొరికింది. పేటెంట్‌ను ఎంతవరకు వాడుతున్నారో చెప్పే పత్రమది. 2008లో దిగుమతే లేదని అందులోనే ఉంది. 2012 మార్చి 9న 6 శాతం రాయల్టీతో లైసెన్స్ వచ్చింది, అప్పీలులో అది 7 శాతమైంది.

ఆ తర్వాత మరొకటి రాలేదు. షుగర్ మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా పెట్టిన దరఖాస్తును 2016లో తోసిపుచ్చారు. కరోనాకాలంలో పేటెంట్ల మినహాయింపు కోసం జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో దక్షిణాఫ్రికాతో కలిసి పోరాడిన ఢిల్లీ, ఇంట్లో ఒక్క కంపల్సరీ లైసెన్సూ ఇవ్వలేదు. జెనీవాలోనూ 2022 జూన్‌లో దక్కింది టీకాలకే పరిమితమైన తీర్మానం.

ఇప్పుడు ఒత్తిడి వచ్చే దారి మారింది. స్విట్జర్లాండ్, నార్వే వంటి నాలుగు ఐరోపా దేశాల వాణిజ్య కూటమి ఈఎఫ్‌టీఏతో 2024 మార్చి 10న ఒప్పందం కుదిరింది. ఐదు రోజులకే కొత్త పేటెంట్ నిబంధనలు వెలువడ్డాయి. ఏటా ఇవ్వాల్సిన ఫారం 27 ఇక మూడేళ్లకోసారే. సెక్షన్ 3(డి) జోలికి ఎవరూ పోలేదు, పార్లమెంటులో ఓటు పడాల్సిన పనీ లేదు. బేయర్ మీద నాట్కో వాడినలాంటి ఆధారం కోసం రేపటి దరఖాస్తుదారు ఎదురుచూడాల్సిన కాలం మాత్రం పెరిగింది.