పంది మాంసం ఎంపిక: కన్ను కోరేది, నాలుక మెచ్చేది

మాంసం కొనేవారికి రుచి చూసి కొనే వీలు లేదు. పచ్చి ముక్కను చూసి, వండిన తరువాత అది ఎలా ఉంటుందో ఊహించుకోవలసిందే. పంది మాంసం విషయంలో ఈ ఊహ తరచుగా తప్పుతుంది, ఎందుకంటే కన్ను ఏరుకునే లక్షణాలూ నాలుక మెచ్చే లక్షణాలూ ఒకటి కావు. మత నియమం వల్ల దీన్ని అసలు ముట్టనివారి సంగతి వేరు.

అందరి చూపూ ముందు పడేది రంగు మీదే. కండరంలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ గాలి తగిలినప్పుడు ఆక్సిజన్‌తో కలిసి ముక్కకు నిగనిగలాడే గులాబీ రంగునిస్తుంది, కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతుంది. గోధుమ ఛాయ కనబడగానే చెడిపోయిందనుకుంటారు గానీ, సూక్ష్మజీవులు పాడుచేయకముందే ఆ మార్పు రావచ్చు. అమ్మేవారు ఈ బలహీనతను బాగా ఎరుగుదురు. 70 నుంచి 80 శాతం ఆక్సిజన్ నింపిన ప్యాకెట్లలో రంగు ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయితే అదే ఆక్సిజన్ కొవ్వునూ ప్రోటీన్లనూ దెబ్బతీసి, మాంసం గట్టిపడేలా చేస్తుంది.

రంగు కన్నా నమ్మదగిన సాక్ష్యం ట్రే అడుగున ఊరిన నీరు. ఆమ్లతను కొలిచే పీహెచ్ విలువ (ఇది తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) బతికున్న కండరంలో దాదాపు 7 ఉంటుంది. వధ తరువాత కండరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారుతూ, ఒక రోజులో దాన్ని 5.5 ప్రాంతానికి దించుతుంది. వధకు ముందు జంతువు తీవ్రంగా బెదిరితే ఈ పతనం గంటలోపే జరిగిపోవచ్చు. కండరం ఇంకా వేడిగా ఉండగానే ఆమ్లత పెరగడంతో ప్రోటీన్ల నిర్మాణం చెదిరి, అవి నీటిని పట్టి ఉంచలేకపోతాయి. అలాంటి ముక్క పాలిపోయి, మెత్తబడి, నీరు కారుతుంది, వండితే పొడిబారుతుంది. ఈ గుణానికి పందులను లోను చేసే జన్యులోపాన్ని 1991లో గుర్తించారు. అది కండ ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండే పందుల్లో విస్తరించింది కాబట్టి, కొవ్వు వద్దన్న కొనుగోలుదారులకు కూడా ఇందులో కొంత పాత్ర ఉందనే చెప్పాలి.

అసలు పేచీ కొవ్వు దగ్గరే. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, కంప్యూటర్‌తో మార్పులు చేసిన మాంసపు ఫొటోలను 23 దేశాల వారికి చూపించి ఎంచుకోమన్నారు. ఎక్కువమంది ఎంపికను నిర్ణయించినవి అంచున ఉండే కొవ్వు పొర, రంగు. లేత రంగు కోరినవారూ ఉన్నారు, ముదురు రంగు కోరినవారూ ఉన్నారు. కండరం లోపల సన్నని తెల్లటి చారలుగా పరుచుకునే కొవ్వు రసాన్నీ మెత్తదనాన్నీ పెంచుతుందని రుచి పరీక్షలు చెబుతున్నా, ఆరోగ్యం తలచుకుని ఆ చారలున్న ముక్కను పక్కన పెట్టేవారే ఎక్కువ.

తిన్న అనుభవం మరుసటి కొనుగోలును నడిపిస్తుంది, కానీ ఆ అనుభవంలో పొయ్యికీ వాటా ఉంది. పరాన్నజీవుల భయంతో ఈ మాంసాన్ని అతిగా ఉడికించడం చాలా చోట్ల ఆనవాయితీ. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ముక్కలకు సిఫారసు చేసే ఉష్ణోగ్రతను 71 నుంచి 63 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గించి, వండాక మూడు నిమిషాలు కదపకుండా ఉంచమంది. అతిగా ఉడికి పీచులా మారిన ముక్కను తిన్నవారు మాత్రం నింద మాంసం మీదే వేస్తారు.

తిన్న తరువాత కూడా తేల్చుకోలేనివి మరికొన్ని ఉన్నాయి: పందిని ఎలా పెంచారు, ఏ మందులిచ్చారు అన్నవి. ఇటువంటి వాటిని నమ్మకం మీద ఆధారపడే లక్షణాలుగా ఆర్థికవేత్తలు డార్బీ, కార్నీ 1973లో వర్గీకరించారు. ఇక్కడ కొనేవారికి లేబులే దిక్కు, అందుకే నమ్మకం సులభంగా చెదురుతుంది. 2009లో వ్యాపించిన హెచ్1ఎన్1 జ్వరం మాంసం తింటే రాదు. అయినా దానికి ‘స్వైన్ ఫ్లూ’ (పంది జ్వరం) అన్న పేరు అంటుకోవడంతో కొనుగోళ్లు పడిపోయాయి.

జంతువుల సంక్షేమం గురించి అడిగితే చాలామంది ఎక్కువ ధర చెల్లిస్తామనే అంటారు. జేబులోంచి నిజంగా డబ్బు తీయవలసి వచ్చే వేలం ప్రయోగాల్లో మాత్రం, నోటిమాటగా చెప్పిన మొత్తం కన్నా తక్కువే పలకడం మామూలు. అందువల్ల ప్రశ్నపత్రాల జవాబులను చూసి కొట్టులో సరుకు నింపే వ్యాపారి దగ్గర ఖరీదైన ప్యాకెట్లు మిగిలిపోతాయి.