టిక్కులు పెట్టేవాళ్లని ఎవరు చూస్తారు?

ఆటిజం ఉన్న బాబు తల్లి ఒకావిడ అడిగారు: "మా థెరపిస్టు పద్ధతి ప్రకారం చేస్తోందో లేదో ఇద్దరు కూర్చుని చూశారట. 90 శాతం చోట్ల ఇద్దరూ ఒకటే రాశారట. నమ్మొచ్చా?"

90 అనగానే మనకి డిస్టింక్షన్ గుర్తొస్తుంది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

థెరపిస్టు "కప్పు ఇవ్వు" అని ఒక్కసారే అనాలి. ప్లాన్‌లో రాసినన్ని సెకన్లు ఆగాలి. బాబు ఇవ్వకపోతే ప్రాంప్ట్ (అంటే చిన్న సాయం), ఇస్తే వెంటనే మెప్పు. పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కో మెట్టుకీ టిక్కో ఇంటూనో పెడతారు. చెయ్యి తిరిగిన థెరపిస్టు చాలావరకు సరిగ్గానే చేస్తుంది. చిక్కొచ్చేది అక్కడే.

100 మెట్లకి ఇద్దరూ చెరో 90 టిక్కులు, 10 ఇంటూలు పెట్టారనుకుందాం. కళ్లు మూసుకుని ఎక్కడపడితే అక్కడ పెట్టినా, 0.9 × 0.9, అంటే మొత్తం మెట్లలో 81 శాతం చోట్ల ఇద్దరి టిక్కులూ కలుస్తాయి. ఇంటూలు 0.1 × 0.1, ఇంకో 1 శాతం చోట్ల. సగటున 82 శాతం ఊరికే వచ్చేసింది! అనంతపురంలో రోజూ "ఇవాళ వాన పడదు" అనే జోస్యుడి మాట కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు నిజమే అవుతుంది. ఆయనకి దక్షిణ ఇచ్చేవాళ్లూ ఉంటారు.

ఈ ఉచిత మార్కులు కోసేసే కొలతని 1960లో జేకబ్ కోహెన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఇచ్చాడు, పేరు కప్పా. ఆవిడ చెప్పిన 90లోంచి 82 తీసేస్తే 8. 100లోంచి 82 పోతే, ఊరికే రానివి 18. 8ని 18తో భాగిస్తే 0.44. అసలు ఇంటూలే చూడండి: ఒకరు పట్టిన 10 తప్పుల్లో రెండోవారికీ దొరికినవి 5 మాత్రమే. ఆవిడ సెంటర్‌లో అడగాల్సింది ఈ కప్పా అంకె.

అది బాగున్నా సరిపోదు. ఒకే చోట నెలల తరబడి కలిసి పనిచేసే ఇద్దరూ, థెరపిస్టు రెండోసారి గోముగా "ఇవ్వు నాన్నా" అంటే దాన్ని తప్పుగా లెక్కెయ్యడం మానేస్తారు. ఇద్దరి షీట్లూ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి, కప్పా 1 వస్తుంది, కొలత మాత్రం తప్పు. అందుకే కావాలని తప్పులు చేయించి తీసిన వీడియో ఒకటి ఉండాలి. ఎక్కడెక్కడ తప్పులున్నాయో ముందే రాసిపెట్టిన జవాబుతో వీళ్ల షీట్లు పోల్చాలి, అదీ అప్పుడప్పుడూ మళ్లీ మళ్లీ.

మన బడుల్లో ఇన్‌స్పెక్షన్ రోజు పాఠం ఎంత బాగా జరుగుతుందో తెలిసిందే. ఇన్‌స్పెక్టర్లకీ అదే జబ్బుందని 1970లో జాన్ రీడ్ అనే సైకాలజిస్టు చూపించాడు: తమ షీట్లని ఎవరూ సరిచూడటం లేదనుకోగానే, శిక్షణ పొందిన పరిశీలకుల ఒప్పుదల బాగా పడిపోయింది. కాబట్టి ఏ రోజు షీట్లు సరిచూస్తారో వాళ్లకి ముందే చెప్పకూడదు.