దడ తగ్గించే బిళ్ల, రోజూ వేసుకునే బిళ్ల: ఏది అలవాటవుతుంది?

కిందటేడు ఓపీలో ఒకావిడ కొంగు ముడి విప్పి, కత్తెరతో సగానికి కోసిన అల్ప్రాజోలామ్ (దడని వెంటనే తగ్గించే బిళ్ల) ముక్కలు చూపించింది. నాలుగేళ్లుగా వాడుతోంది. ఆందోళన తగ్గడానికి రోజూ వేసుకోమని నేను రాసిన ఎస్సిటాలోప్రామ్ మాత్రం ఆరో రోజుకే ఆపేసింది. "అది రోజూ వేసుకుంటే అలవాటైపోతుందట కదా సార్, పైగా వేసుకున్నాక దడ ఇంకా ఎక్కువైంది. ఇదైతే అరగంటలో తగ్గిపోతుంది."

ఎవరు పుట్టించారో గానీ ఈ మాట విని విని విసుగొచ్చింది. అలవాటయ్యేది ఆ కొంగులో ఉన్నదే! అల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్ అన్నీ ఒకే జాతి. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది, ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మందుల్లో అల్ప్రాజోలామ్ ఒకటి, 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరింది అందుకే. షెడ్యూల్ హెచ్1లో (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో) పెట్టి, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలన్నదీ అందుకే.

ఎస్సిటాలోప్రామ్, దాని జాతిదే అయిన సెర్‌ట్రలీన్ అలా కాదు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పడం, దడ కాస్త పెరగడం మామూలే. సరిగ్గా అప్పుడే "నాకు పడలేదు" అని ఆపేస్తారు. భయం వేయడం సహజం, ముందే చెప్పని డాక్టరుదే తప్పు, ఆవిడ విషయంలో ఆ తప్పు నాదే. వీటినీ ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టుంటుంది, కానీ ఇంకా ఇంకా కావాలన్న యావ ఉండదు. పాతికేళ్లలోపు వాళ్లకు మొదట్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

ఈ రోజువారీ బిళ్లలు జీవితాంతం వాడాలా? చాలామందికి అక్కర్లేదు, తగ్గాక ఆరు నెలలో ఏడాదో. అల్ప్రాజోలామ్ విషమా? కాదు, మొదటి కొద్ది వారాలు తోడుగా నేనూ రాస్తాను. మద్యంతో కలిపితే మాత్రం ఊపిరికే ప్రమాదం.

ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే స్ట్రిప్ పారేయకండి, దయచేసి. ఆవిడకి ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టి, అల్ప్రాజోలామ్ కొంచెం కొంచెంగా తగ్గించడానికి ఎనిమిది నెలలు పట్టింది. పోయిన నెల వచ్చినప్పుడు కొంగులో ఇంకా రెండు ముక్కలున్నాయి. "వేసుకోవట్లేదు సార్, ఉంటే ధైర్యం" అంది. ఉండనివ్వమ్మా అన్నాను.