పడవ స్టే వైరు ఎక్కడ తెగుతుంది?

జూలైలో గాలులు మొదలయ్యాయంటే హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవల సందడి పెరుగుతుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ కూడా ఆ వానాకాలపు గాలిని నమ్ముకునే జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు మీద నిలబడి చూస్తే తెరచాపలే కనిపిస్తాయి తప్ప, వాటిని మోసే మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టిన సన్నటి తీగలు కనిపించవు. లేజర్ రకం పడవకైతే ఆ తీగలే ఉండవు, దాని మాస్ట్ పడవలోని గొట్టంలోకి దిగి నిలబడుతుంది. ఎంటర్‌ప్రైజ్ లాంటి పాతతరం పడవలకు మాత్రం ముందు ఒకటి, పక్కలకు రెండు తీగలు ఉండాల్సిందే.

మన వీధి కరెంటు స్తంభానికి స్టే వైరు చేసే పనే వీటిదీ. తేడా అంతా లోహంలో ఉంది. స్తంభానికి కట్టేది జింకు పూత పూసిన ఉక్కు. పాడైతే ఎర్రగా తుప్పు పట్టి ముందే చెబుతుంది. పడవకు కట్టేది స్టెయిన్‌లెస్ స్టీలు. అది మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు మెరుస్తూనే తెగిపోతుంది.

ఈ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది పైన కొన్ని నానోమీటర్ల మందాన ఒక పొర కడుతుంది. గీత పడితే ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది, ఆక్సిజన్ అందితే చాలు. చిక్కంతా అందనిచోటే. పడవ తీగలో మధ్యన ఒక పోగు, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, మొత్తం 19 పోగులు ఉంటాయి. తీగ చివరను ఒక గొట్టంలోకి దూర్చి మెషీన్‌తో గట్టిగా నొక్కేస్తారు. దాన్నే స్వేజ్ అంటారు. పోగుల సందుల్లోంచి నీళ్లు అందులోకి జారి నిలిచిపోతాయి. లోపలున్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక పొర తిరిగి కట్టుకోదు. ఉప్పులో ఉండే క్లోరైడ్లు పేరుకుంటాయి, ఆమ్లత్వం పెరుగుతుంది, తుప్పు లోహాన్ని లోలోపలే తినేస్తుంది. సముద్రం మీద ఇది త్వరగా జరుగుతుంది. సాగర్ ఉప్పునీటి చెరువు కాదు, కానీ నాలాల నీళ్లు కలిసే చెరువులో క్లోరైడ్లు ఉండవని అనుకోలేం. పైగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పడవ సముద్రం చూసొచ్చిందే అయ్యుండొచ్చు.

అందుకే తీగ చివర్లకు ప్లాస్టిక్ టేపు బిగించి చుట్టే అలవాటు నాకు నచ్చదు. రక్షణ అనుకుని చేసే ఆ పని తడిని లోపల బంధించి, గాలిని బయట ఆపేస్తుంది.

పరీక్ష చేయడం కష్టమేం కాదు. పాత కాటన్ గుడ్డతో తీగను పైనుంచి కిందికి తుడవాలి. ఉత్త చేత్తో వద్దు, తెగిన పోగు సూదిలా దిగబడుతుంది. గుడ్డ పీచు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగినట్టే. ఎక్కువసార్లు అది స్వేజ్ అంచు దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఊగే తీగ, ఊగని గొట్టం కలిసేది అక్కడే. గొట్టం మీద వెంట్రుకవాసి పగులుందని అనుమానమైతే బాలానగర్ వైపు వర్క్‌షాపుల్లో వెల్డింగులకు చేసే డీపీ (డై పెనెట్రెంట్) టెస్ట్ ఇక్కడా పనికొస్తుంది. ఎర్ర రంగు చల్లి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగులు ఎర్ర గీతలా బయటపడుతుంది.

రాణిగంజ్‌లో పిన్నులు, టర్న్‌బకిళ్లు (తీగను బిగించే మరలు) కొనేటప్పుడు మంచి స్టెయిన్‌లెస్ స్టీలో కాదో అయస్కాంతం పెట్టి చూసుకుంటే సరిపోతుందని చాలామంది నమ్మకం. కానీ ఆ స్టీలులో 304 రకానికీ 316 రకానికీ తేడా అయస్కాంతం చెప్పలేదు, రెండూ మామూలుగా దానికి అంటుకోవు. 316లో అదనంగా ఉండే 2, 3 శాతం మాలిబ్డినమే క్లోరైడ్లను తట్టుకునేది. పైగా చల్లగా లాగి తీసిన తీగైతే మంచి 304 కూడా కొంచెం అంటుకుంటుంది.

ఇక టెన్షన్ సంగతి. వీణ తీగలా మీటి, మోతను బట్టి చెప్పేస్తామనే వాళ్లున్నారు. ఈ పొడవుకు అది కుదరదు. 4 మిల్లీమీటర్ల తీగ 5 మీటర్ల పొడవుండి, సుమారు 180 కిలోల బిగువుతో ఉంటే దాని మూల కంపనం సెకనుకు దాదాపు 15. మన చెవికి వినపడేది 20 నుంచే. చెవిన పడేదంతా దానికి రెండింతలు, మూడింతలుగా పలికే పై స్వరాలే. అదీగాక కంపనం రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి, కాబట్టి బిగువులో పది శాతం తేడా వస్తే శ్రుతిలో ఒక స్వరస్థానం కూడా మారదు.

నమ్మదగ్గది సాగుడు. వదులుగా ఉన్న తీగకు 2 మీటర్ల కర్రను ఆనించి, పై కొసను తీగకు గట్టిగా కట్టి, కింది కొసను వదిలేసి, అది ఎక్కడికొచ్చిందో తీగ మీద గుర్తు పెట్టాలి. టర్న్‌బకిల్ బిగిస్తూ పోతే గుర్తు కర్ర కొస నుంచి కిందికి జరుగుతుంది. 1 మిల్లీమీటరు జరిగితే తీగ తెగే బరువులో 5 శాతం పడినట్టు. తీగ లావైనా సన్నమైనా లెక్క ఇదే, ఎందుకంటే లావు పెరిగితే సాగకుండా నిలిచే శక్తీ, తెగకుండా ఓర్చే శక్తీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. పెద్ద పడవల పక్క తీగలకు సాధారణంగా 15 శాతం, అంటే 3 మిల్లీమీటర్లు చూస్తారు. మరీ వదిలేస్తే గాలి వచ్చే వైపుకు అవతలి పక్కనున్న తీగ ఊగిసలాడి, ప్రతి అలకూ కుదుపు తింటుంది. పోగులు అలిసిపోయేది అలాగే.

టర్న్‌బకిల్‌కు ఒక వైపు కుడి మర, రెండో వైపు ఎడమ మర. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1 మిల్లీమీటరైతే ఒక చుట్టుకు తీగ 2 మిల్లీమీటర్లు బిగుస్తుంది, కాబట్టి అర చుట్టు తిప్పి రెండో పక్కకు వెళ్లాలి. స్టీలు మర స్టీలులో పొడిగా తిరిగితే పట్టేస్తుంది, గ్రీజు తప్పనిసరి. బిగించాక స్ప్లిట్ పిన్ పెట్టి కాళ్లు కొద్దిగా విప్పితే చాలు. పూర్తిగా వెనక్కి మడిస్తే తర్వాత తీసేటప్పుడు విరుగుతుంది. ఒక పక్క తీగలో ఒక్క పోగు తెగినట్టు తేలినా రెండు పక్కలవీ మార్చేయాలి. ఒకే రోజు కట్టిన తీగలు, ఒకే నీళ్లు తాగినవి.