మాంగనీస్ గని మూసేశాక చుట్టుపక్కల తాగే నీళ్ల సంగతేంటి?

మన దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైంది చీపురుపల్లి పక్కన కోడూరులోనే, 1892 ప్రాంతంలో. అప్పటికది విశాఖ జిల్లా. 1950లో శ్రీకాకుళంలోకి, 1979లో విజయనగరంలోకి వచ్చింది. ఈ ఊరి పేరుతోనే ఒక రాయికి కోడూరైట్ అని పేరు పెట్టారు. ఉక్కు తయారీకి మాంగనీస్ కావాలి కనుక ఖనిజం ఓడలెక్కి వెళ్లిపోయింది. గోతులు మనకు మిగిలాయి.

గని మూసేటప్పుడు ఏం చేయాలో ముందే రాసివ్వాలి, అందుకు డబ్బు హామీగా పెట్టాలి అన్న నిబంధన 2003లో గానీ రాలేదు. అంటే మొదటి గునపం పడ్డాక 111 ఏళ్లకు! ఆలోపు వదిలేసిన గోతులకు ఎవరిని అడగాలి? ఈలోగా జిల్లా పేరే రెండుసార్లు మారింది.

ఇక నీళ్లు. గాలి తగలని లోతుల్లో మాంగనీస్ నీటిలో కరిగి ఉంటుంది. బోరులోంచి వచ్చినప్పుడు నీరు తేటగానే ఉంటుంది, బిందెలో నిలవుంటే అడుగున నల్లటి మడ్డి పేరుకుంటుంది. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇనుమైతే గాలి పట్టిస్తే చాలావరకు దిగిపోతుంది, మాంగనీస్ అలా లొంగదు. క్లోరిన్ గానీ పర్మాంగనేట్ గానీ కలిపి, ఆ తర్వాత ప్రత్యేకమైన ఇసుక వడపోత గుండా పంపాలి. మందు మోతాదు తప్పితే నీటిశుద్ధి ప్లాంటు నడుస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ మాంగనీస్ మాత్రం కుళాయి దాకా వచ్చేస్తుంది. అందుకే ప్లాంటు కట్టేశాం కదా అని ఎవరన్నా నాకు సరిపోదు.

మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో మాంగనీస్ లీటరుకు 0.1 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీరు దొరకకపోతే 0.3 వరకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో 0.4 అంది. 2021లో సీసాపాలు తాగే పసిపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని తాత్కాలికంగా 0.08కి దించింది. ఎదిగే మెదడు మీద మాంగనీస్ ప్రభావమే అసలు భయం.

ఊళ్లలో వాడే చిన్న పరీక్ష కిట్లలో సాధారణంగా మాంగనీస్ ఉండదు, ల్యాబుకే పంపాలి. గోతి నీరు, ప్లాంటు దాటిన నీరు, చివరి ఇంటి కుళాయి నీరు మూడూ చూడాలి. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి. వడపోతలో దిగిన మడ్డిని ఎక్కడ పోస్తున్నారో కూడా అడగాలి, గెడ్డలో (వాగులో) పోస్తే మళ్లీ మన దగ్గరకే వస్తుంది. 2015 నుంచి గనుల జిల్లాలకు, గనుల వాళ్లు కట్టే డబ్బుతో, ఖనిజ నిధి ఉంది, అందులో తాగునీటిది ముందు వరస. పాత గోతుల చుట్టూ ఉన్న ఊళ్ల బోర్లను ఆ డబ్బుతో పరీక్ష చేయించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి.